గండి కొట్టిన అక్క మనసు ఎవరికి తెలుసు?

కథలో ఒక పాత్ర ఒక పని ఎందుకు చేసిందో, ఆ కథ రాసిన మనిషినే ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగే అవకాశం దొరికితే, ఆయన చెప్పిన జవాబును పాఠకులు ఎంతవరకు ఒప్పుకోవాలి? నా అభిప్రాయం ముందే చెబుతాను. పుస్తకంలోని పేజీలు ఎంత బలం ఇస్తే రచయిత నోటి మాటకు అంత బలమే ఉంటుంది, అంతకు మించి పిసరంత కూడా ఉండదు. అయినా ఆ ప్రశ్న రచయితను అడగాలి, ఆయనతో వాదించాలి, ఆయన చెప్పేది శ్రద్ధగా వినాలి. మన పుస్తకావిష్కరణ సభల్లో శాలువా కప్పి, నాలుగు మంచి మాటలు చెప్పి సాగనంపడమే ఎక్కువ. పాత్రల గురించి రచయితను నిలదీసే సభలు అరుదు. ఈ లోటు నన్ను చాలాకాలంగా బాధిస్తోంది.

ఈ మధ్య అమలాపురంలో ఒక మిత్రుల ఇంట్లో అటువంటి కూడిక జరిగింది. మా ప్రాంతానికే చెందిన ఒక రచయిత, బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి, ఒక కల్పిత రాజ్యం గురించి వరుసగా ఫాంటసీ నవలలు రాస్తున్నారు. మూడు భాగాలు వచ్చాయి, నాలుగవది రాతలో ఉంది. అది ఇంట్లో జరిగిన మాటామంతీ కనుక ఆయన పేరు గాని, పుస్తకాల పేర్లు గాని ఇక్కడ రాయడం లేదు. కథ తెలిస్తే చాలు.

నది సముద్రంలో కలిసే ముందు పాయలుగా చీలే చోట ఆ రాజ్యం ఉంటుంది. నది గట్లను మంత్రశిలలు కాపాడుతుంటాయి. ఆ శిలల సంరక్షణ రాజవంశంలోని పెద్ద కూతురిది. సింహాసనం మాత్రం ఆమె తమ్ముడిది. నీటి లెక్కలన్నీ తెలిసిన అక్క గట్టు మీదే జీవితం గడుపుతుంది, ఏ లెక్కా తెలియని తమ్ముడు కొలువు తీరుతాడు. మూడవ భాగం చివర వరద ముంచుకొచ్చి, శిలలు ఒక్కొక్కటిగా బీటలు వారుతున్న రాత్రి, అక్క తన చేతులతోనే పడమటి గట్టుకు గండి కొడుతుంది. రాజధాని నిలుస్తుంది, పడమటి లంకలు మునిగిపోతాయి. ఆ లంకల్లో ఒకదానిలో ఉన్న చిన్న కోటలో ఆ రాత్రి తమ్ముడు విడిది చేసి ఉంటాడు.

ఆమె ఎందుకు గండి కొట్టింది? సింహాసనం దక్కలేదన్న అసూయతోనా, రాజధానిని కాపాడుకోవాలన్న బాధ్యతతోనా? పుస్తకం ఎక్కడా విప్పి చెప్పదు. ఆ రాత్రి కథంతా ఒక పడవవాడు చూసినంత మేరకే మనకు తెలుస్తుంది, అతడికి ఆమె వీపు, చేతిలోని గునపం, దూరంగా దివిటీల వెలుగు తప్ప ఇంకేమీ కనిపించవు. కథ చెప్పే విధానంలో ఇది గొప్ప నిర్ణయమని నా నమ్మకం. ఆమె మనసులోకి వెళ్లే తలుపు మూసివేయడం వల్లనే మూడు భాగాలు చదివిన వారందరూ ఆ తలుపు ముందు ఆగిపోయి ఆలోచిస్తున్నారు.

ఆ ప్రశ్న అడగగానే రచయిత తడుముకోకుండా జవాబు చెప్పారు. "అసూయేనండి. మొదటి భాగం మొదలుపెట్టిన రోజునే అనుకున్నాను. తమ్ముణ్ణి చంపడానికే ఆవిడ గండి కొట్టింది. రాజధాని నిలబడడం ఆవిడకు దొరికిన సాకు." అంతటితో చర్చ ముగిసిందన్నట్టు కొందరు తలలూపారు. ముగియకుండా ఆపినవారు ఒక లంక గ్రామం నుంచి మనవరాలితో కలిసి వచ్చిన ఒక మామ్మగారు.

"మాస్టారూ, మీరు రాసిందే నేను చెబుతున్నానండి. పొద్దు వాలకముందే ఆ పిల్ల రేవులో ఉన్న పడవలన్నీ లంకలకు పంపించేసింది. తమ్ముడి మీద కక్షతో గండి కొట్టేదైతే ఊళ్లకు ఊళ్లు ముందు దాటించుకోవడం ఎందుకండీ?" అని ఆవిడ అడిగారు. ఆ తరువాత ఆవిడ చెప్పింది పుస్తకం గురించి కాదు, ఏటిగట్టు గురించి. ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది అన్న అంకెలు డెల్టాలో చదువురాని వారికి కూడా తెలుసు. 1986 ఆగస్టులో గోదావరికి 35 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు ఇసుక బస్తాలు మోసిన మనుషుల వెనుక దీపం పట్టుకుని నిలబడినవారిలో ఆవిడ ఒకరు. గట్టు కింద నుంచి నీరు ఊరడం మొదలైన తరువాత మనిషికి ఒకే ఆలోచన ఉంటుందని, ఏ వైపు తెగితే ఎంతమంది పోతారన్నదే ఆ ఆలోచనని, ఎవరి మీద కోపమున్నా అది తెల్లవారిన తరువాతేనని ఆవిడ అన్నారు. రచయిత కూడా ఈ నీళ్ల దగ్గరే పుట్టినవారు. అయినా ఆ రాత్రిని ఆయన ఊహించి రాశారు, ఆవిడ అటువంటి రాత్రి గడిపారు.

ఇక్కడితో ఆగి ఉంటే కథ మామ్మగారి వైపు మొగ్గేది. కాని రావులపాలెం నుంచి వచ్చిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థి తన ప్రతి తెరిచి పడవల పేరా పైకి చదివాడు. ఏ పడవ ఏ ఊరికి వెళ్లిందో అక్కడ వరుసగా పేర్లు ఉన్నాయి. లంక కోట పేరు ఆ వరుసలో లేదు. అతడు రెండుసార్లు చదివాడు, రెండవసారి వేలితో చూపిస్తూ చదివాడు. గదిలో ఉన్నవారందరం రచయిత వైపు చూశాం. ఆయన కళ్లజోడు సవరించుకుని పేజీ తీసుకుని చూసుకున్నారు. ఆ పేర్లు వాక్యం నడకకు ఒప్పే విధంగా ఏర్చుకున్నవే తప్ప, కోటను కావాలని వదిలిపెట్టినట్టు తనకు గుర్తులేదని నిజాయితీగా ఒప్పుకున్నారు.

ఆ వాక్యం నా దృష్టిలో ఆ నవలల వరుస అంతటికీ కీలకం. ఆమె తమ్ముణ్ణి చంపడానికి గండి కొట్టలేదు, మామ్మగారి మాట నిజం. లేకపోతే పడవలు వెళ్లేవి కావు. కాని తమ్ముడి దగ్గరకు పడవ పంపలేదు, విద్యార్థి చూపించింది కూడా నిజం. రాజ్యం కోసం చేయక తప్పని పని ఒకటి ఆమె ముందుకు వచ్చింది, ఆ పనిలో ఒక మనిషిని తప్పించే వీలున్నా ఆమె తప్పించలేదు. ఇది అసూయ అన్న ఒక్క మాటలో ఇమడదు, బాధ్యత అన్న మాటలో అసలే ఇమడదు. రచయిత చెప్పిన కారణం కన్నా ఆయన చేతి నుంచి జారిపడ్డ వాక్యం చెప్పే కారణం లోతైనది, భయంకరమైనది, మనుషులకు దగ్గరైనది. దాన్ని ఆయన అనుకోలేదు కాబట్టి అది పుస్తకంలో లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను. ఆ పేజీలో అచ్చయి ఉంది.

పాఠకులు "ఆమె అలా ఎందుకు చేసింది?" అని అడిగినప్పుడు నిజానికి రెండు ప్రశ్నలు కలిసిపోతున్నాయి. రాసేటప్పుడు రచయిత మనసులో ఏముంది అన్నది ఒకటి. కథలోని ఆ మనిషి మనసులో ఏముంది అన్నది మరొకటి. మొదటి ప్రశ్నకు రచయిత తప్ప వేరే సాక్షి లేడు, ఆయన జ్ఞాపకం సరైనదైతే ఆయన మాటే చివరి మాట. రెండవ ప్రశ్నకు సాక్ష్యమంతా అందరి చేతుల్లోనూ ఉన్న పుస్తకంలోనే ఉంది. అక్కడ రచయిత బాగా శ్రద్ధగల పాఠకుడు, మిగతావారికన్నా ఎక్కువసార్లు చదివిన పాఠకుడు, అంతే. రాసే నాటి ఆలోచన ఏదైనా కావచ్చు. అది వాక్యంగా మారి పేజీ మీదకు రాకపోతే పాత్రకు అందలేదన్నమాటే.

ఫాంటసీలో ఈ మాట చెల్లదని వాదించేవారు ఉన్నారు, ఆ కూడికలోనూ ఒకరు వాదించారు. సాంఘిక నవలలో మనిషి ఒక పని చేస్తే అప్పు, కౌలు, కులం, కట్నం, వాటా తగాదా వంటి కారణాలు మన చుట్టూ ఉన్న లోకంలోనే కనిపిస్తాయి గనుక రచయిత చెప్పిందాన్ని మనం సరిచూసుకోగలం. మంత్రశిలలున్న లోకంలో ఆకాశం రంగు దగ్గర నుంచి ఆచారాల వరకు అన్నీ రచయిత కల్పించినవే కాబట్టి, అక్కడి మనుషుల మనసు సంగతి కూడా ఆయనకే తెలియాలని ఆ వాదన. నేను సరిగ్గా దీనికి ఎదురు చెబుతాను. శిల ఎన్నేళ్లకు బీటవారుతుందో, మంత్రం ఎవరి నోట పలుకుతుందో రచయిత చెబితే తప్ప మనకు తెలియదు, అక్కడ ఆయన మాటకు తిరుగులేదు. కాని అక్కకు తమ్ముడి మీద ఉండే ప్రేమను, ఆ ప్రేమ అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న చేదును ఆయన కల్పించలేదు. అవి పాఠకులు తమ ఇళ్లలో చూసినవి. కల్పిత లోకంలో కల్పన కాని వస్తువు మనసు ఒక్కటే. అందువల్లనే తెలియని రాజ్యాల కథలు మనకు అర్థమవుతాయి, అందువల్లనే వాటిలోని మనుషుల గురించి మాట్లాడే హక్కు రచయితకు ఎంత ఉందో పాఠకుడికీ అంతే ఉంది.

కారణాన్ని మార్చాలనుకున్న రచయిత నిజంగా ఏం చేయాలో ఇంగ్లీషు ఫాంటసీ రచయిత టోల్కీన్ చేసి చూపించారు. 1937లో అచ్చయిన 'ది హాబిట్'లో గొల్లమ్ అనే జీవి చిక్కుప్రశ్నల పోటీలో ఓడితే తన ఉంగరాన్ని కథానాయకుడు బిల్బోకు కానుకగా ఇవ్వడానికి మనస్ఫూర్తిగా సిద్ధపడతాడు, అది కనబడకపోయేసరికి మన్నించమని వేడుకుని దారి చూపించి పంపుతాడు. తరువాత రాసిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో అదే ఉంగరం పట్టుకున్నవారెవరూ మనస్ఫూర్తిగా వదులుకోలేని వస్తువయింది. రెండూ పొసగవు. గొల్లమ్ మనసులో అప్పుడు ఉన్నది వేరని ఆయన ఒక ప్రకటన చేసి ఊరుకోలేదు. 1951లో వచ్చిన ముద్రణలో ఆ అధ్యాయాన్నే తిరగరాశారు. మొదటి ముద్రణలోని కథ, ఉంగరం తనదేనని నిలబెట్టుకోవడానికి బిల్బో చెప్పిన అబద్ధమని కథలో భాగం చేశారు. దానితో పాత పేజీ కూడా వృథా పోలేదు. నిజాయితీపరుడైన బిల్బో చేత ఆ ఉంగరం అబద్ధమాడించిందన్నదానికి అదే సాక్ష్యమయింది.

పాఠకుల ప్రశ్నలకు ఆయన రాసిన ఉత్తరాలు కూడా ఈ విషయంలో మంచి పాఠాలు. 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో ఉంగరాన్ని నాశనం చేయడానికి బయలుదేరిన ఫ్రోడో అంత దూరం నడిచి, అగ్నికొండ అంచున నిలబడి, ఉంగరాన్ని మంటలో వేయనని ఎందుకన్నాడు? అతణ్ణి గౌరవించడం కాదు, ద్రోహిగా శిక్షించాలని కోపంగా రాసిన పాఠకుడు ఉన్నాడు. ఒక పాఠకురాలి ప్రశ్నకు 1963లో ఆయన రాసుకున్న సుదీర్ఘమైన చిత్తుప్రతిలో 'నేను రాశాను కాబట్టి ఇదే నిజం' అన్న ధోరణి కనిపించదు. ఫ్రోడో ఈ భారాన్ని ఎందుకు తలకెత్తుకున్నాడు, అతని శరీరం, మనసు ఎంతవరకు తట్టుకున్నాయి, ఆ చివరి చోట ఉంగరం బలం ఎంత అన్న సంగతులన్నీ కథలో నుంచే తీసి వాదిస్తారు. అంతటితో ఆగక, మెట్ల దగ్గర గొల్లమ్ పశ్చాత్తాపం అంచుకు వచ్చిన క్షణంలో ఫ్రోడో వెంట నడిచిన శామ్ కటువుగా మాట్లాడకపోయి ఉంటే కథ ఎటు తిరిగేదో కూడా ఆలోచిస్తారు. సొంత పుస్తకాన్ని ఇతరులు రాసిన పుస్తకాన్ని చదివినంత శ్రద్ధగా చదవడమంటే ఇదే. 1954లో మరో పాఠకుడికి పెద్ద జవాబు రాసి, తనకు తాను మరీ ప్రాముఖ్యం ఇచ్చుకుంటున్నట్టు అనిపించిందని రాసుకుని, ఆ ఉత్తరాన్ని పంపకుండా ఉంచేశారు. ఆ నిగ్రహం మీద నాకు చాలా గౌరవం.

రౌలింగ్ విషయం కొంత వేరు. హారీ పోటర్ ఏడవ భాగం 2007 జూలైలో వచ్చింది. అదే అక్టోబరులో న్యూయార్క్‌లోని కార్నెగీ హాలులో, హారీ చదివే మంత్రవిద్యల బడి పెద్ద డంబుల్‌డోర్ ఎప్పుడైనా ఎవరినైనా ప్రేమించాడా అని ఒక పాఠకుడు అడిగితే, ఆయన స్వలింగ ప్రేమికుడని, తరువాత దుష్టమాంత్రికుడిగా మారిన గ్రిండెల్‌వాల్డ్‌ను యవ్వనంలో ప్రేమించాడని ఆమె చెప్పారు. ఆ మాట విన్న హాలు చప్పట్లతో మారుమోగింది, చాలామందికి అది నిజంగా ఊరటనిచ్చింది, దాన్ని నేను చులకన చేయను. నా ప్రశ్న చిన్నది. గ్రిండెల్‌వాల్డ్‌ను ఎదుర్కోవడానికి డంబుల్‌డోర్ అన్నేళ్లు ఎందుకు ఆలస్యం చేశాడు? పుస్తకం దీనికి స్వయంగా ఒక కారణం చూపిస్తుంది. ఒక గొడవలో తన చెల్లెలి ప్రాణం తీసిన మంత్రం తమలో ఎవరి చేతి నుంచి వెలువడిందో తెలుసుకోవలసి వస్తుందన్న భయం ఆయనను ఆపింది, ఆ మాట ఆయనే హారీతో చెబుతాడు. ప్రేమ కూడా కారణం కావచ్చు, యవ్వనంలో వారిద్దరి మధ్య ఒక వేసవిలో సాగిన స్నేహాన్ని వర్ణించిన పేజీలు అలా అర్థం చేసుకోవడానికి చోటిస్తాయి. కాని ఏడు భాగాలు చదివిన మనిషిని కదిలించేది ఆ భయమే, ఎందుకంటే అది కథలో జరిగింది. సభలో చెప్పిన మాట దానికి తోడు కాగలదు, దాని స్థానంలోకి రాలేదు.

ఇదంతా పడమటి సాహిత్య విమర్శలో పుట్టిన వాదమని, మన సంప్రదాయంలో కవి మాటే వేదమని ఆ సాయంత్రం ఒక పెద్దాయన అన్నారు. ఆయన మీద గౌరవంతోనే ఒప్పుకోలేనన్నాను. రాజమహేంద్రవరంలో నన్నయ తెలుగు చేయడానికి పూనుకున్న మహాభారతం ఎలా మొదలవుతుందో చూడండి. సర్పయాగశాలలో వ్యాసుడు కూర్చుని ఉంటాడు. కౌరవపాండవుల కలహాన్ని మీరు కళ్లారా చూశారు, మీరే చెప్పండని జనమేజయుడు ఆయననే అడుగుతాడు. వ్యాసుడు నోరు విప్పి కారణాలు చెప్పడు. పక్కనున్న శిష్యుడు వైశంపాయనుడి వైపు తిరిగి, నా దగ్గర విన్న కథ వినిపించమంటాడు. జనమేజయుడికి వచ్చిన సందేహాలు కూడా మనకు వచ్చేవే. సమర్థులై ఉండి పాండవులు అన్ని కష్టాలు ఎందుకు ఓర్చుకున్నారు? అంత బలమున్న భీముడు కోపాన్ని ఎలా అణచుకున్నాడు? చూపుతోనే కాల్చగల ద్రౌపది దుర్మార్గులను ఎందుకు కాల్చలేదు? వీటికి జవాబుగా అతనికి దొరికింది మహాభారతమంతా. కర్త అదే సభలో ఉన్నా, జవాబు గ్రంథం నుంచే రావాలన్న పద్ధతి ఇంతకన్నా స్పష్టంగా నాకు ఇంకెక్కడా కనబడలేదు.

కర్ణుడి సంగతి మరింత గట్టి ఉదాహరణ. ఉద్యోగపర్వంలో కృష్ణుడు జన్మరహస్యం చెప్పి పాండవుల వైపు రమ్మంటే, రాకపోవడానికి కారణాలన్నీ కర్ణుడే చెబుతాడు. పెంచిన రాధ, అధిరథుడు ఉన్నారు. సూతకులంలో తనకు పెళ్లిళ్లయి పిల్లలు పుట్టారు. దుర్యోధనుడు తనను నమ్ముకునే యుద్ధానికి దిగాడు. అర్జునుడితో ద్వంద్వయుద్ధం చేయకపోతే ఇద్దరికీ అపకీర్తి. ఇంత వివరంగా పాత్ర నోటి నుంచే కారణం వచ్చిన తరువాత ఇక చర్చకు చోటు లేదని అనుకోవాలి. అయినా మా ఊళ్లలో తెల్లవార్లూ పద్యనాటకం చూసి గట్టు వెంబడి ఇళ్లకు నడిచే జనం, అది కృతజ్ఞతా, అర్జునుడి మీద పగా, అపకీర్తి భయమా అని కాలవ దాటేదాకా వాదించుకునేవారు. ఆ వాదన సబబైనదే. మనిషి తన గురించి తాను చెప్పుకున్న కారణం కూడా ఒక సాక్ష్యమే గాని తీర్పు కాదు. పాత్ర తన గురించి చెప్పుకున్నదే తీర్పు కానప్పుడు, పాత్ర గురించి రచయిత బయట చెప్పింది తీర్పు ఎలా అవుతుంది?

చందమామ చదువుతూ పెరిగినవారికి బేతాళ కథలు ఈ విద్యను నెలనెలా నేర్పాయి. కథ చెప్పేది బేతాళుడు, కారణం చెప్పవలసింది మాత్రం విన్న విక్రమార్కుడు. రాకుమారుడు రాజ్యం ఎందుకు కాదన్నాడు, ఆమె ఆ ఇద్దరిలో ఇతణ్ణే ఎందుకు వరించింది అన్న ప్రశ్నకు తెలిసీ జవాబు చెప్పకపోతే తల పగులుతుంది, చెప్పిన జవాబు కథలో జరిగినదానితో సరిపోవాలి. అదే పత్రికలో 1954లో 'తోకచుక్క'తో మొదలైన ధారావాహికలను దాసరి సుబ్రహ్మణ్యం రాశారు, రచయితగా ఆయన పేరు అచ్చు వేసేవారు కాదు. మాంత్రికుడు ఎందుకు అలా చేశాడో అడగడానికి ఆ పిల్లలకు రచయిత దొరకలేదు. అందుకని వాళ్లు ఆ కథలను తక్కువగా అర్థం చేసుకున్నారని నేను నమ్మను.

అయితే పాఠకుల పక్షాన మాట్లాడుతున్నాను కాబట్టి పాఠకులు చేసే అన్యాయం గురించి కూడా చెప్పాలి. ఇష్టమైన పాత్ర ఏ ఘోరం చేసినా దానికి గొప్ప కారణం వెతికి కప్పిపుచ్చడం, ఇష్టం లేని పాత్ర చేసిన మంచి పనికి నీచమైన కారణం అంటగట్టడం మాకు చాలా సులభం. నవలల వరుస ఇంకా ముగియనప్పుడు ఇది ప్రమాదం కూడా. ఆ కూడికలోనే ఒకరిద్దరు అక్కను నిర్దోషిగా నిలబెట్టమని, ఆమె పడవ పంపిందని, అది దారిలో మునిగిందని నాలుగవ భాగంలో రాయమని రచయితను బతిమాలారు. ఇది నాకు బొత్తిగా నచ్చలేదు. పేజీ చూపించి వాదించేవాడు రచయితకు సాయం చేస్తున్నాడు. తనకు కావలసిన పేజీ రాయించుకోవాలని చూసేవాడు ఆయన కలం లాక్కుంటున్నాడు. రచయిత చెప్పినదానికి పేజీ సాక్ష్యం అడిగే మేము, మా ఊహలకు కూడా అదే సాక్ష్యం చూపించాలి.

రచయిత పాఠకులకు ఇవ్వగల అసలైన జవాబు మరో పుస్తకం. అమెరికన్ రచయిత్రి అర్సులా లెగ్విన్ 1968 నుంచి 1972 వరకు ఎర్త్‌సీ అనే కల్పిత లోకం గురించి మూడు నవలలు రాశారు. ఆ లోకంలో ఉన్నత మంత్రవిద్య మగవారిదే. ఆడవారి మంత్రాలకు విలువ లేదు. అలా ఎందుకుందన్న ప్రశ్న ఆమెను ఏళ్ల తరబడి వెంటాడింది. ఆమె పాత నవలలను వెనక్కి తీసుకోలేదు, వాటి అర్థం ఇది కాదని దబాయించలేదు. 1990లో నాలుగవ నవల రాసి, అదే లోకాన్ని నడివయసు స్త్రీ కళ్లతో చూపించారు. అప్పటివరకు సహజమనిపించిన ఏర్పాట్ల వెనుక ఎవరి భయాలు ఉన్నాయో పాఠకులకు అప్పుడు కనిపించింది.

అందుకే మా రచయితను నేను ఒక కోరిక కోరాను. నాలుగవ భాగంలో అక్క కథ సాగుతుందని, ఆమె ఒక అధ్యాయమంతా తన మాటల్లో ఆ రాత్రి గురించి చెప్పుకుంటుందని ఆయన ఆ సాయంత్రం చెప్పారు. ఆ అధ్యాయం రాయవద్దని అన్నాను. పడవల వరుసలో లేని ఆ ఒక్క పేరును కథలో మరో మనిషి గమనించేటట్టు చేయండి, ఆమెను అడిగించండి, ఆమె చెప్పేది నమ్మాలో వద్దో మాకు వదిలేయండి అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "మీరు అడగకముందు కోట పేరు వదిలేశానని నాకే తెలియదండి. ఇప్పుడు తెలిసింది కాబట్టి, ఆవిడ ఏమంటుందో రాసి చూసుకోకుండా ఉండలేను" అన్నారు. రాయడం ఆయన పని, ఆ పనిలో మేము వేలు పెట్టకూడదని ఇంతకు ముందే అన్నాను కనుక ఊరుకున్నాను. మామ్మగారు మాత్రం ఊరుకోలేదు. అక్క ఏం చెప్పినా సరే, ఆ పడవవాడు ఆ పక్కనే ఉండి వినాలని, అతనికి నచ్చకపోతే లేచి వెళ్లిపోయే హక్కు ఇవ్వాలని ఆవిడ మాస్టారి దగ్గర మాట తీసుకున్నారు. ఆ మాట ఆయన నిలబెట్టుకుంటారో లేదో నాలుగవ భాగం వచ్చాక చూడాలి.